నాలుగో మడిలో పచ్చ

నాలుగో మడిలో మొదటి ఆకు పచ్చబడింది సెప్టెంబరు రెండో సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు. టైము ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, సరిగ్గా ఆ నిమిషానికే సింహాద్రమ్మ ఆ ఆకును తీసుకొచ్చి నా ముందున్న హాజరు పట్టీ మీద పెట్టింది. నిజానికి అది అంతకు ముందే పచ్చబడి ఉండాలి. కానీ మా ఆఫీసులో ఏ సంగతైనా టేబుల్ మీదికి వచ్చాకే జరిగినట్టు.

మాది పట్టణ హరిత ప్రాధికార సంస్థ, కొత్తరేగులపాడు శాఖ. ఒక పార్కు, పార్కు వెనక ఒక ఆఫీసు, ఆఫీసుకి ముగ్గురం. అసిస్టెంట్ డైరెక్టర్ అనంతపద్మనాభం గారు. జూనియర్ అసిస్టెంటుని నేను, పేరు కూర్మారావు. తోటమాలి సింహాద్రమ్మ.

సింహాద్రమ్మ కాంట్రాక్టు మనిషి. పదహారేళ్ళుగా ఏటా సెప్టెంబరు ముప్ఫయ్యో తారీకు సాయంత్రం ఆమె ఉద్యోగం చచ్చిపోతుంది. అక్టోబరు ఒకటో తారీకు పొద్దున్న మళ్ళీ పుడుతుంది. పుట్టడానికి ఒకటే షరతు. ముప్ఫయ్యో తారీకు తనిఖీలో ఆమె మడిలో నూటికి తొంభై మొక్కలు ప్రాణంతో ఉండాలి.

ఆమె మడి నాలుగోది. అందులో మూడు వందల పన్నెండు కనకాంబరం మొక్కలు. మిగతా మళ్ళలో మొక్కలు నర్సరీ నుంచి లారీలో వచ్చాయి. ఇవి మాత్రం ఆమె గింజ నుంచి పెంచినవి. ఎండిన కనకాంబరం కాయ మీద నీటి చుక్క పడితే చాలు, టప్పున పేలి గింజ ఎగిరిపోతుంది. సింహాద్రమ్మ కాయలన్నీ ఇత్తడి గిన్నెలో పోసి, తడి చెయ్యి విదిలించి, చటుక్కున కొంగు కప్పేది. లోపల పేలాలు వేగుతున్నట్టు టపటప చప్పుడు. అలా పట్టిన గింజల్ని మట్టి మూకుళ్ళలో చల్లి, మొలిచిన వాటిని ఒక్కొక్కటీ వేలితో లేపి నాటింది. ఒకసారి నిలదొక్కుకుంటే మూడు నాలుగేళ్ళు పూస్తాయి. ఇది రెండో ఏడు.

నేను తీరిగ్గా కూర్చుని లెక్క వేశాను. ముప్ఫై ఒక్క మొక్కలు చచ్చినా ఆమె ఉద్యోగం ఉంటుంది. ముప్ఫై రెండోది చచ్చిందా, ఉండదు.

“ఏంటిది?” అన్నాను ఆకును చూసి.

“ఆకు బాబూ.”

“ఆకని తెలుస్తోంది.”

“పచ్చబడిపోతన్నాయి బాబూ. కింద ఆకులు ముందల పచ్చబడి రాలిపోతన్నాయి. రోజుకి రెండుసార్లు ట్యాంకరు నీళ్ళు. మీంచి వాన. ఏర్లకి ఊపిరాడొద్దా? నీళ్ళు ఆపమని రాయి.”

రాస్తానన్నాను. రాయడానికి మా సంస్థలో ఒక పద్ధతుంది. కింది ఉద్యోగి పరిస్థితి మాత్రమే తెలపాలి. కారణం పై అధికారి నిర్ణయిస్తారు. కాంట్రాక్టు మనిషి చెప్పిన కారణం రాస్తే అది సలహా కిందికి వస్తుంది. సలహా ఇచ్చే హోదా ఆమెకు లేదు. అందుకని కారణం వదిలేసి పరిస్థితి ఒక్కటే రాశాను.

‘నాలుగవ మడియందు కనకాంబరము మొక్కల ఆకులు త్వరితగతిన పచ్చబడుచున్నవి. తగు ఉత్తర్వుల నిమిత్తము సమర్పించడమైనది.’

ఈ కథలో నేరం ఈ వాక్యమే. చేసినవాణ్ణి నేనే.

అది హరిత సంవత్సరం. ప్రధాన కార్యాలయం అలా ప్రకటించింది. ఫైలు తాళ్ళు ఆకుపచ్చవి వచ్చాయి. కుర్చీల మీద తువాళ్ళు మారాయి. అన్ని ఆఫీసుల కిటికీ అద్దాలకీ ఆకుపచ్చ కాగితం అంటించమని ఉత్తర్వు వచ్చింది. అనంతపద్మనాభం గారి కిటికీ నాలుగో మడి మీదికే తెరుచుకుంటుంది, అంటే తెరుచుకునేది. కాగితం అంటించాక తెరిస్తే నలుగుతుందని మూసేశాం.

“కూర్మారావ్!”

వెళ్ళాను. సారు నా కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నారు.

“పచ్చబడుచున్నవా?”

“అవునండి.”

“త్వరితగతినా?”

“అలాగే ఉందండి.”

“పదకొండు పార్కుల్లో ఏ ఒక్కరూ ఈ మాట రాయలేదయ్యా! అందరూ ‘సంతృప్తికరంగా పచ్చబడుచున్నవి’ దగ్గరే ఆగిపోయారు. త్వరితగతిన! ఆహా!”

“సార్, సింహాద్రమ్మ చెప్పిన పచ్చ ఏంటంటే...”

“ఆవిడ పేరు కూడా పెడదాం. సమష్టి కృషి అని రాయి.” సారు కుర్చీ తిప్పి కిటికీలోంచి మడిని చూశారు. “చూడు, ఎంత పచ్చగా ఉందో.”

చూశాను. మడి ఆకుపచ్చగా ఉంది. మడి పక్కన ఇటుకలు ఆకుపచ్చగా ఉన్నాయి. మడిలో కూర్చుని ఆకులు ఏరుతున్న సింహాద్రమ్మ కూడా ఆకుపచ్చగానే ఉంది.

రెండు రోజుల్లో ప్రశంస వచ్చింది. ‘తమరు సాధించిన ఫలితములు ఇతర శాఖలకు ఆదర్శప్రాయములు. సదరు ఫలితములకు హేతువైన చర్యను తక్షణము రెట్టింపు చేయవలసినదిగా ఆదేశించడమైనది.’

“మనం చేస్తున్న చర్య ఏంటయ్యా?” అన్నారు సారు.

“నీళ్ళు పెట్టడమండి.”

“రెట్టింపు చెయ్.”

రోజుకి నాలుగు ట్యాంకర్లయ్యాయి. గురువారం జోరున వాన. ఆ వానలో, రెయిన్‌కోటు వేసుకుని, ట్యాంకరు డ్రైవరు గౌరీశు పైపు పట్టుకుని మడికి నీళ్ళు పెడుతున్నాడు. సింహాద్రమ్మ తల మీద గోనెసంచి కప్పుకుని అతని ఎదురుగా నిలబడింది.

“ఒరే గౌరీశూ, నీకు కళ్ళున్నాయా లేవా? వానరా ఇది!”

“కనబడతంది పిన్నీ. నానూ తడుస్తన్నాను కదా.”

“ఆ రోడ్డు మీద పారబొయ్యరా, నీకు పున్నెం ఉంటాది.”

“రోడ్డు మీద పోస్తే బండికి కట్టిన యంత్రం కూస్తాదే. మడి కాడ ఖాళీ అయితేనే నా ట్రిప్పు పడతాది. నన్నేటి సెయ్యమంటావు సెప్పు?”

శనివారానికి తొమ్మిది మొక్కలు చచ్చాయి. చచ్చిన ఒక్కొక్క మొక్కకీ సింహాద్రమ్మ మడి గట్టు మీద ఒక పెంకు ముక్క పెట్టింది. తొమ్మిది పెంకులు వరసగా ఉన్నాయి. అది చూశాక నాకు కాస్త గుబులు పుట్టింది. సవరణ నోటు రాసి పట్టుకెళ్ళాను. ‘పై లేఖయందు పచ్చ అనగా పసుపు వర్ణముగా గ్రహించ ప్రార్థన.’

సారు చదివారు. మళ్ళీ చదివారు. నన్ను కూర్చోమన్నారు. పదకొండేళ్ళ సర్వీసులో నన్ను కూర్చోమనడం అదే మొదలు.

“కూర్మారావ్, మనకి ప్రశంస వచ్చింది. అవునా?”

“అవునండి.”

“వచ్చిన ప్రశంసని తిప్పి పంపడానికి ఫారం ఏదన్నా ఉందా?”

బీరువా అంతా వెతికాను. సంజాయిషీకి ఫారం ఉంది. అప్పీలుకి ఉంది. ప్రశంస వద్దనడానికి లేదు. సవరణ నోటు బీరువాలోనే ఉండిపోయింది.

ఆ సోమవారం ప్రధాన కార్యాలయం నుంచి ఫోన్లలోకి ఒక యాప్ దిగింది. పేరు ‘ఆకు నాడి’. ఆకు ఫోటో తీసి దాని పరిస్థితి నొక్కితే జబ్బేమిటో, మందేమిటో అదే చెబుతుందట. నొక్కడానికి రెండే గళ్ళు ఉన్నాయి. ‘పచ్చ’, ‘పచ్చ కాదు’.

సింహాద్రమ్మ పసుపు ముద్దలా ఉన్న ఆకును ఫోన్ ముందు పట్టుకుంది.

“ఏది నొక్కమంటావు?” అన్నాను.

“ఇది పచ్చ కాకపోతే మరేటి బాబూ? పచ్చే నొక్కు.”

నొక్కాను. ఫోన్లో చప్పట్లు మోగాయి. ‘అభినందనలు. మీ మొక్క ఆరోగ్యముగా ఉన్నది.’

“‘పచ్చ కాదు’ నొక్కి చూద్దాం,” అన్నాను. నొక్కాను. పై అధికారి అనుమతి సంఖ్య అడిగింది. పై అధికారి భోజనానికి వెళ్ళారు.

బుధవారం శిలాఫలకం వచ్చింది. నల్లరాయి, మీద బంగారు రంగు అక్షరాలు: ‘త్వరిత హరిత’. మడికి ఈశాన్యం మూల పెడితే ఫోటో బాగా పడుతుందని పైనుంచి డ్రాయింగు కూడా పంపారు. మూడడుగుల లోతు పునాది తవ్వడానికి మేస్త్రీ గునపం ఎత్తేసరికి సింహాద్రమ్మ వెళ్ళి సరిగ్గా ఆ మూలే కూర్చుంది.

“లెగమ్మా,” అన్నాడు మేస్త్రీ.

“ఇక్కడ తూముంది నాయినా. మడిలో నీళ్ళు దీనంట కిందికి పోతాయి. దీన్ని మూసేత్తే ఇంక మడి కాదు, గోలెం.”

మేస్త్రీ డ్రాయింగు విప్పి చూశాడు. “ఇందులో తూము లేదమ్మా.”

“అందులో నీళ్ళూ లేవు. నీళ్ళు మడిలో ఉన్నాయి.”

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను డ్రాయింగు మీద సంతకం వైపు చూశాను. చాలా పెద్ద సంతకం. సింహాద్రమ్మని నేనే చెయ్యిపట్టి లేపాను. తూము మీద సిమెంటు పడింది.

శుక్రవారానికి గట్టు మీద పదిహేడు పెంకులున్నాయి.

ఇక్కడ కథలోకి పెద్ద మనిషి వచ్చారు. ప్రధాన కార్యాలయంలో ముఖ్య హరిత సలహాదారు డాక్టర్ శేషశయనం గారు. త్వరితగతి రహస్యం స్వయంగా పరిశీలించడానికి వచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆయన కిటికీలోంచి చూడరు. మడి దగ్గరికి నడిచి వెళ్తారు. ఉత్త కళ్ళతో చూస్తారు. అంతా బయటపడుతుంది.

ఆయన నడిచి వెళ్ళారు. ఉత్త కళ్ళతో చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. మడి అంతా పసుపు. నీళ్ళలో నిలబడ్డ పసుపు. అనంతపద్మనాభం గారు కూడా అద్దం లేకుండా ఆ మడిని చూడటం హరిత సంవత్సరంలో అదే తొలిసారి. ఆయన మొహం కూడా మడి రంగులోకి తిరిగింది.

డాక్టరు గారు ఒక ఆకు తుంచి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

“ఇది పచ్చ,” అన్నారు డాక్టరు గారు చివరికి.

“చిత్తం,” అన్నారు సారు.

“కానీ సామాన్యమైన పచ్చ కాదు.”

“కాదండి.”

“పచ్చ అనేది ఒక ప్రస్థానం, పద్మనాభం గారూ. ఆకుపచ్చ అందులో ప్రాథమిక దశ. ప్రతి గడ్డిపరకా సాధిస్తుంది. దాన్ని అధిగమించిన వృక్షజాతి ఏ దశలో ప్రవేశిస్తుంది?” ఆయన నా వైపు తిరిగారు. “పచ్చగన్నేరు పువ్వు ఏ రంగయ్యా?”

“పసుపండి.”

“పచ్చచేమంతి?”

“అదీ పసుపేనండి.”

“మరి మన పూర్వీకులు వాటిని పచ్చ అని ఎందుకన్నారు? వాళ్ళకి రంగులు తెలియవా?”

“తెలుసండి.”

“తెలుసు! ఇది స్వర్ణ హరిత దశ. రాసుకోండి.”

సారు రాసుకున్నారు. మడిలోంచి సింహాద్రమ్మ లేచి నిలబడింది. పాదాలు మునిగి ఉన్నాయి.

“బాబూ, ఒక మాట అడగొచ్చా? పచ్చకామెర్లు వచ్చినోడు కూడా ఆ దశలో ఉన్నట్టేనా?”

డాక్టరు గారు ఆమెను పరీక్షగా చూశారు.

“చక్కని ఉదాహరణ,” అన్నారు. “అది కూడా రాసుకోండి.”

మూడో రోజుకి ఉత్తర్వు వెలువడింది. మిగిలిన పది పార్కులూ పది రోజుల్లో స్వర్ణ హరిత దశకు చేరుకోవాలి. రోజుకి నాలుగు ట్యాంకర్లు. చేరుకోనివారు సంజాయిషీ ఇవ్వాలి. ఆ రోజు నుంచి మా ఫోను మోగుతూనే ఉంది.

“కూర్మారావు గారూ, మీరు నీళ్ళలో ఏం కలుపుతున్నారండీ? మావి ఎంతకీ ఆకుపచ్చగానే ఉన్నాయి. ఏం పాపం చేశామో.”

“ఏం కలపడం లేదండి. ఉత్త నీళ్ళే.”

“అబ్బ, మా దగ్గర దాస్తారెందుకండీ!”

ఇంకో పార్కు వాళ్ళు ఫోన్లో ఏడ్చినంత పని చేశారు. వాళ్ళ పూలమడి ఇసుక నేలలో ఉందట. ఎంత పోసినా నీళ్ళు ఇంకిపోతున్నాయట. మొక్కలు సిగ్గులేకుండా నిగనిగలాడుతున్నాయట. మూడో పార్కులో తోటమాలి చేత ఆకులకి పసుపు నీళ్ళు పూయించారని విన్నాను. వాళ్ళకి ద్వితీయ స్థానం వచ్చింది.

ఇరవై నాలుగో తారీకుకి గట్టు మీద ఇరవై తొమ్మిది పెంకులు.

ఆ మధ్యాహ్నం సింహాద్రమ్మ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. క్యారేజీ మూత తియ్యలేదు. ఒళ్ళో ఒక కనకాంబరం మొక్క, వేళ్ళతో సహా. నేను వెళ్ళి పక్క మెట్టు మీద కూర్చున్నాను.

“ఏం తెగులో తెలిసిందా?” అన్నాను.

ఆమె ఒక వేరును రెండు వేళ్ళ మధ్య పెట్టి లాగింది. పైతోలు మేజోడులా ఊడి వచ్చేసింది. లోపల సన్నటి దారం మిగిలింది. నా ముక్కు దగ్గర పెట్టింది. మురుక్కాలవ వాసన.

“పురుగు తింటే ఆకు మీద బొక్క ఉంటాది. సత్తువ సాలకపోతే ఈనెలు మిగిల్చి మజ్జన పచ్చబడతాది. ఇది అదేదీ కాదు. కింద ఆకు మొదలెట్టి ఏకంగా పచ్చబడి, పట్టుకుంటే రాలిపోతంది. ఏరు కుళ్ళిపోయింది బాబూ.” వేరుని మెట్టు మీద పెట్టింది. “నీళ్ళు ఆపమని సెప్పమన్నాను. పచ్చబడతన్నాయని రాసినావు. తెగులు మొక్కలో లేదు. నీ కాయితంలో ఉంది.”

దానికి జవాబు రాసే పద్ధతి ఏదీ గుర్తు రాలేదు.

“ఇంక రెండు పోతే అంతే కదా?” అంది.

“రెండు పోవచ్చు. మూడోది పోకూడదు.”

“పదహారేళ్ళు,” అంది. మడి వైపు చూసింది. వాన లేదు. గౌరీశు మూడో ట్యాంకరు పెడుతున్నాడు. ఉన్నట్టుండి ఆమె నా వైపు తిరిగింది.

“బాబూ, పచ్చబడతన్నాయని రాస్తే ఇన్ని నీళ్ళు పోసినారు కదా. పచ్చ పోయిందని రాస్తే ఏటి సేస్తారు?”

పదకొండేళ్ళ సర్వీసు ఉన్నవాడికి ఆ ప్రశ్న కష్టం కాదు. “ఇచ్చినవన్నీ వెనక్కి తీసుకుంటారు.”

“ఏటేటి ఇచ్చినారు?”

“ట్యాంకర్లు,” అన్నాను. “శిలాఫలకం...”

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

“కానీ నేను అబద్ధం రాయలేను సింహాద్రమ్మా. ఫైలు మీద నా సంతకం ఉంటుంది.”

“నిన్ను అబద్దం రాయమన్నదెవులు?” అని ఆమె క్యారేజీ మూత తీసింది.

మర్నాడు పొద్దున్న నేను ఆఫీసుకి వచ్చేసరికి మెట్ల మీద రెండు గంపలున్నాయి. నిండా పసుపు ఆకులు. సింహాద్రమ్మ తెల్లవారకముందే మడిలోకి దిగి, ప్రతి మొక్కకీ పచ్చబడ్డ ప్రతి ఆకునీ గిల్లేసింది. మొక్కల కొసల్లో నాలుగేసి చిన్న చిన్న ఆకులు మాత్రం మిగిలాయి, ఆకుపచ్చవి.

“ఇప్పుడు ఎతుకు. ఒక్క పచ్చాకు సూపించు.”

వెతికాను. రెండుసార్లు తిరిగాను. తర్వాత బల్ల దగ్గర కూర్చుని జీవితంలో ఎన్నడూ రాయనంత నిజం రాశాను.

‘నాలుగవ మడియందు పచ్చ పూర్తిగా తొలగిపోయినది. తమ సమాచార నిమిత్తము.’

సారు సంతకం కావాలి. పట్టుకెళ్ళాను. ఆయన చేతిలో కలం ఆగిపోయింది.

“పచ్చ పోయిందా? ఎక్కడికి పోయింది?”

“తొలగిపోయిందండి.”

“ఇదిగో కనబడుతోందే,” అన్నారు కిటికీ వైపు చెయ్యి చూపించి.

“అది అద్దానిదండి.”

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. గోటితో కాగితం మూల కొంచెం ఎత్తి, ఒక కన్ను మూసి, ఆ సందులోంచి చూశారు. మడి గట్టు మీద పెంకుల వరస అక్కణ్ణించి బాగా కనిపిస్తుంది. కాగితాన్ని మళ్ళీ జాగ్రత్తగా అంటించి వచ్చి కూర్చున్నారు.

“ఆ పెంకులేంటయ్యా?”

చెప్పాను. ముప్ఫై రెండో పెంకు సంగతి కూడా చెప్పాను.

“నాకు సర్వీసు ఇంకా మూడేళ్ళుంది, కూర్మారావ్,” అన్నారు.

“తెలుసండి.”

“వాక్యంలో అబద్ధమేమీ లేదు కదా?”

“ఒక్క అక్షరం లేదండి.”

సంతకం పెట్టారు.

ప్రధాన కార్యాలయం మామూలుగా జవాబివ్వడానికి రెండు రోజులు తీసుకుంటుంది. ఆ రోజు నలభై నిమిషాలు పట్టింది. ‘హరిత సంవత్సరమున పచ్చ కోల్పోవుట ప్రాధికార చరిత్రయందు అపూర్వము. సదరు శాఖకు ప్రసాదించిన ప్రశంసను, జలవాహనములను, శిలాఫలకమును, కిటికీ పత్రములతో సహా సమస్త హరిత చిహ్నములను ఇరువది నాలుగు గంటలలో ఉపసంహరించడమైనది.’

ఉపసంహరించడానికి వాళ్ళ దగ్గర ఫారం ఉందన్నమాట.

సాయంత్రానికి గౌరీశు ఖాళీ ట్యాంకరు వెనక్కి తిప్పుకుని, “పోతన్నాను పిన్నీ, ఇంక నన్ను తిట్టుకోకు,” అని హారన్ కొట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు అదే మేస్త్రీ క్రేనుతో వచ్చాడు. ఈసారి డ్రాయింగు తేలేదు. రాయికి గొలుసు కట్టి లాగాడు. రాయి కదల్లేదు. ఇంకోసారి లాగాడు. పునాది, సిమెంటు, మట్టి అంతా పెళ్ళగిలి ఒక్కసారిగా పైకి లేచాయి. అడుగున తూము నోరు తెరుచుకుంది.

గుడగుడమని చప్పుడు. మడిలో నీళ్ళు ఆ మూలకి సుడి తిరిగి, పావుగంటలో మాయమయ్యాయి. సింహాద్రమ్మ గట్టు మీద కూలబడి ఆ చప్పుడు ఆఖరి చుక్కదాకా విన్నది.

కానీ గట్టు మీద అప్పటికి పెంకులు ముప్ఫై ఒకటి.

ఇంక నాలుగు రోజులు. మేం చేయగలిగింది ఏమీ లేదు. సింహాద్రమ్మ వేళ్ళ చుట్టూ మట్టిని చిన్న పుల్లతో గుల్ల చేసింది. అదృష్టం కొద్దీ ఎండ కాసింది. ఇరవై ఎనిమిదిన కొసల్లో కొత్త చిగురు కనిపించింది. ఒక్క మొక్కకి మాత్రం కనిపించలేదు. రెండు వందల ఏడో మొక్క. ఉన్న నాలుగు ఆకులూ రాలిపోయి ఉత్త పుల్ల మిగిలింది. దాని కోసం సింహాద్రమ్మ ఒక పెంకు ఏరి పెట్టుకుంది, గట్టు మీద పెట్టలేదు. రెండు రోజులు కొంగుకి ముడేసుకుని తిరిగింది.

ముప్ఫయ్యో తారీకు తనిఖీకి డాక్టర్ శేషశయనం గారే వచ్చారు. ఆయన కూడా కొంచెం దిగాలుగా ఉన్నారు. స్వర్ణ హరిత దశకు చేరిన పార్కులన్నీ ఆ వారమే దాన్ని కూడా దాటి గోధుమ రంగులోకి ప్రవేశించాయట. ఆ పై దశకి ఏం పేరు పెట్టాలో తోచక, ప్రధాన కార్యాలయం కొత్త ఉత్తర్వు ఇచ్చింది. పచ్చ అన్న మాట అర్థం ఒక కమిటీ తేల్చేవరకు ఆ మాటను ఎవరూ వాడరాదు, వ్రాతపూర్వకముగా గానీ, మౌఖికముగా గానీ.

ఆయన మడి గట్టు వెంట నడుస్తూ లెక్కపెట్టారు. వెనక సారు. సారు వెనక రిజిస్టరుతో నేను. మొక్కలు నాలుగేసి ఆకులతో, పొట్టిగా, బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల కంకుల్లో కనకాంబరం రంగు కూడా తొంగిచూస్తోంది. నూరు. నూట యాభై. రెండు వందలు.

రెండు వందల ఏడు దగ్గర ఆయన ఆగారు.

“ఇది మృతి చెందింది.”

సింహాద్రమ్మ చెయ్యి కొంగు ముడి మీదికి వెళ్ళింది.

“కూర్మారావు గారూ, మృతి అని నమోదు చేసుకోండి.”

“కూర్మారావ్,” అన్నారు అనంతపద్మనాభం గారు గొంతు సవరించుకుని, “ఆగు.” తర్వాత డాక్టరు గారితో, “సార్, ఆ మొక్కని పెంచిన మనిషి ఇక్కడే ఉంది. ఒక్కసారి అడుగుదామా?”

సర్వీసు ఇంకా మూడేళ్ళున్న మనిషి ఆ మాట అంటాడని నేను అనుకోలేదు.

సింహాద్రమ్మ మడిలోకి దిగింది. బకెట్లో చేతులు ముంచి, మట్టి కడుక్కుని, విదిలించింది. పక్క మొక్క మీద ఎండు కాయ ఒకటి టప్పున పేలి గింజ ఎగిరొచ్చి డాక్టరు గారి కళ్ళజోడుకి తగిలింది. ఆయన ఉలిక్కిపడి ఒకడుగు వెనక్కి వేశారు.

“భయం లేదు బాబూ, గింజ,” అంది. “ఇలా వొంగండి. దగ్గరికి రావాలి. ఆణ్ణించి అవుపడదు.”

డాక్టరు గారు అటూ ఇటూ చూసి, పంట్లాము మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, గట్టు మీద గొంతుక్కూర్చున్నారు. సింహాద్రమ్మ పుల్ల మొదట్లో, మట్టికి బెత్తెడెత్తున, బొటనవేలి గోటితో సుతారంగా గీకింది. పైన బూడిదరంగు తోలు గోరంత లేచింది.

ఆయన కళ్ళజోడు తీసేశారు. మొహాన్ని పుల్లకి ఆనించినంత దగ్గరగా పెట్టారు. ఆయన ఒక మొక్కను అంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో నాకు తెలియదు. అలా చాలాసేపు చూశారు.

“పచ్చగా ఉందమ్మా,” అన్నారు.

నిషేధించిన మాట. అన్నది స్వయంగా ముఖ్య సలహాదారు. మౌఖికముగా, ముగ్గురు సాక్షుల ముందర.

నేను రిజిస్టరులో ‘బతికి ఉన్నది’ అని రాసుకున్నాను. సింహాద్రమ్మ కొంగు ముడి విప్పి పెంకును దూరంగా విసిరేసింది. అనంతపద్మనాభం గారు ఆకాశం వైపు చూస్తూ కళ్ళు తుడుచుకున్నారు.

ఏ పచ్చ అని ఎవరూ అడగలేదు.